స్తంభం ఎక్కాలా, గోతిలో దిగాలా?

మా అక్క కొడుకు ఈ ఏడాది ఐటీఐ ఎలక్ట్రీషియన్ రెండో సంవత్సరం పూర్తిచేస్తున్నాడు. మొన్న రాయగడ పక్కనున్న మా జేకేపూర్ వచ్చినప్పుడు, కాగితం మిల్లు షిఫ్టు మారే వేళ టీ బడ్డీ దగ్గర నిలబడి ఉంటే మెల్లగా అడిగాడు. "మావయ్యా, వైజాగ్‌లో స్తంభాలు పీకేసి కరెంటంతా భూమిలో పెట్టేస్తన్నారంట. రేపు మన రాయగడలోనూ అంతేగా. మరి నేనిప్పుడు స్తంభం ఎక్కడం నేర్చుకుని ఏటి లాభం?"

టీ తాగేంతసేపట్లో చెప్పగలిగింది చెప్పాను. కానీ ఇదే ప్రశ్న గుణుపూర్ నుంచి ఒకడు, పార్వతీపురం నుంచి ఇంకొకడు నన్ను అడిగారు. అందుకని మిగతాది ఇక్కడ రాస్తున్నాను. స్తంభాల మీదా, కేబుల్ గోతుల్లోనూ ముప్పై ఏళ్లు చేతులు కాల్చుకున్నవాడి మాటగా తీసుకోండి.

ముందు వైజాగ్ సంగతి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. ఊళ్లో చెట్లు స్తంభాల మీద పడ్డాయి, స్తంభాలు రోడ్ల మీద పడ్డాయి, చాలా పేటల్లో రోజుల తరబడి దీపం లేదు. ఆ దెబ్బ తర్వాతే ప్రపంచ బ్యాంకు అప్పుతో నడిచిన విపత్తు పునరుద్ధరణ ప్రాజెక్టు కింద అక్కడి విద్యుత్ పంపిణీ సంస్థ ఏపీఈపీడీసీఎల్ నగరంలో భూగర్భ కేబుళ్లు వేయించింది. దానికి పెట్టిన సొమ్ము 700 కోట్లకు పైమాటే. గమనించాల్సింది ఇక్కడే. ఆ సొమ్ముతో చేసింది విశాఖలో కొన్ని ప్రాంతాలు. జిల్లా మొత్తం కాదు, పాడేరు కొండలు అంతకన్నా కాదు. సముద్రపు గాలి నేరుగా కొట్టే ఊరు, కిక్కిరిసిన జనం, వీధికి వందల కరెంటు మీటర్లు. ఖర్చు గిట్టుబాటు కావడానికి అవన్నీ ఒకచోట కుదిరాయి.

ఇప్పుడు మన వైపు చూడండి. మిల్లు గేటు నుంచి రాయగడ బజారు దాకా ఒకసారి బండి మీద వెళ్తూ తల పైకెత్తి చూస్తే మీకే తెలుస్తుంది. మిల్లు ఆవరణ లోపల కేబుళ్లకు కొరత లేదు. 1962లో కాగితం మిల్లు మొదలైన చోటు ఇది. ఏ పెద్ద ఫ్యాక్టరీలోనైనా మోటార్లకీ ప్యానెళ్లకీ వెళ్లే కరెంటు ట్రేల మీదా, కందకాల్లోనూ కేబుల్‌గానే నడుస్తుంది. బయటికి రాగానే స్తంభాలు. మళ్లీ సబ్‌స్టేషన్ నుంచి ఫీడరు బయటికొచ్చే మొదటి వంద, రెండొందల మీటర్లు తరచు కేబులే, ఎందుకంటే అన్ని ఫీడర్ల తీగలూ ఒకే చోట గాల్లో దాటాలంటే కుదరదు. రైలు పట్టాల దగ్గర కూడా అంతే. 11 కేవీ లైను పట్టాలు దాటాలంటే సాధారణంగా కిందనుంచి పైపులో కేబుల్ వేసే దాటిస్తారు. పైన రైలు ఇంజను కోసం 25 కేవీ తీగ ఉన్న చోట ఇంకో తీగ వేలాడదీయడానికి ఎవరు ఒప్పుకుంటారు?

ఆ తర్వాత కొండ మొదలవుతుంది. కల్యాణసింగపూర్ వైపో, కాశీపూర్ వైపో వెళ్తే, పది ఇళ్ల కోంధుల గూడెం ఒకటి, దాటితే రెండు కిలోమీటర్ల అడవి, ఆ తర్వాత ఇంకో పదిహేను ఇళ్లు. కింద తవ్వితే అడుగున్నరలో రాయి తగులుతుంది. అక్కడ కేబుల్ వేయడమంటే డబ్బుని గోతిలో పోసి మట్టి కప్పడమే. పైన వేసే 11 కేవీ లైనుకి భూమిలో వేసే లైను నేలనిబట్టి నాలుగైదు రెట్ల నుంచి పది రెట్ల దాకా ఖర్చవుతుంది. రాతి నేలలో ఆ లెక్క ఇంకా పైకి పోతుంది. అలా అని అక్కడ స్తంభాలు సుఖంగా ఉంటాయని కాదు. ఏప్రిల్, మే నెలల్లో ఈదురుగాలి వస్తే నీలగిరి తోటల్లో చెట్లు లైను మీద వాలతాయి, పిడుగు పడి ఇన్సులేటరు పగులుతుంది. అయినా అక్కడ స్తంభానికి ప్రత్యామ్నాయం లేదు. నీ పింఛను వయసు దాకా ఉండదు కూడా.

ఇంకా పెద్ద లైన్ల సంగతి చెప్పనక్కర్లేదు. 1955లో మొదలైన మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం కరెంటు కొండల మీదుగా విశాఖ వైపు వెళ్లింది టవర్ల మీదే. జయపురం నుంచి గాజువాకకు వెళ్లే 400 కేవీ లైను, తూర్పు గ్రిడ్డునూ దక్షిణ గ్రిడ్డునూ కలిపేది, కూడా టవర్ల మీదే. అంత వోల్టేజీలో ఏసీ కరెంటుని వందల కిలోమీటర్లు భూమిలో పంపితే కేబుల్ తనని తాను చార్జి చేసుకోవడానికే కరెంటు తినేస్తుంది. గడ్డి మోసే గాడిద ఆ గడ్డిని తానే తినేసినట్టు.

కాబట్టి మేనల్లుడికి నా మొదటి మాట ఇదే: స్తంభం పోదు. కానీ స్తంభం ఒక్కటే తెలిసినవాడికి పని తగ్గుతుంది. బజారు, ఆసుపత్రి, గుడి వీధి, సబ్‌స్టేషన్, ఫ్యాక్టరీ, రైలు క్రాసింగు, ఇవన్నీ ఒక్కొక్కటిగా కేబుల్ వైపు జరుగుతున్నాయి. ఆ రెండింటి మధ్యా అటూ ఇటూ తిరగగలిగినవాడిని ఏ కాంట్రాక్టరూ వదులుకోడు.

రెండు పనుల్లో అసలు తేడా లోపం వచ్చినప్పుడు బయటపడుతుంది. లైను వేసేటప్పుడు ఇద్దరి పనీ కూలిపనిలాగే కనిపిస్తుంది. ఒకడు గొయ్యి తవ్వి స్తంభం పాతుతాడు, ఒకడు గొయ్యి తవ్వి కేబుల్ పరుస్తాడు. ఫీడరు ట్రిప్ అయిన రాత్రి చూడండి.

పైన లైను ట్రిప్ అయితే, చాలాసార్లు అది తాత్కాలికమే. కొమ్మ తాకి పడిపోయింది, పిట్ట తీగల మధ్య ఇరుక్కుని మాడిపోయింది, పిడుగు తాకి దాటిపోయింది. సబ్‌స్టేషన్లో మళ్లీ ఒకసారి వేస్తే నిలబడుతుంది. అలా నిలబడకపోతే పెట్రోలింగ్. ఇద్దరు టార్చీలు పట్టుకుని లైను వెంట నడుస్తారు. తెగిన జంపరు, విరిగిన పిన్, పడిపోయిన డీవో ఫ్యూజు, అన్నీ కంటికి కనిపిస్తాయి. మధ్యాహ్నం పడిన లైను సాయంత్రానికి లేస్తుంది.

కేబుల్ అలా కాదు. లోపల ఇన్సులేషన్ పగిలిందంటే అది తాత్కాలికం కాదు, మళ్లీ మళ్లీ వేస్తే ఇంకా కాలుతుంది. కేబుల్ ఫీడరు ట్రిప్ అయితే ఊరికే స్విచ్ వేసి చూడొద్దు అనేది ఈ పనిలో మొదటి పాఠం. కనిపించని చోట తప్పు జరిగింది, ఏ మీటరు దగ్గర జరిగిందో తవ్వకుండా తెలియాలి.

అదెలా తెలుస్తుందో నాకు మొదటిసారి అర్థమైన రాత్రి బాగా గుర్తుంది. ఒక ఫ్యాక్టరీ ఆవరణ, 11 కేవీ కేబుల్, పొడవు ఏడొందల మీటర్ల పైన. చిన్న సంకేతాన్ని కేబుల్‌లోకి పంపి, అది లోపం దగ్గర తగిలి తిరిగొచ్చే సమయం కొలిచే పరికరం తెచ్చారు. ఎక్స్‌ఎల్‌పీఈ కేబుల్‌లో ఆ సంకేతం మైక్రోసెకనుకి సుమారు 160 నుంచి 170 మీటర్లు పరుగెత్తుతుంది. అయిదు మైక్రోసెకన్లకి తిరిగొచ్చింది. రానూ పోనూ 820 మీటర్లు, సగం చేస్తే 410. టేపు పట్టుకుని 410 మీటర్లు నడిచి తవ్వాం. కేబుల్ నిగనిగలాడుతోంది, దోషం లేదు. ఇంకో పది మీటర్లు ముందుకి తవ్వాం. అక్కడా లేదు.

మా పెద్దాయన వచ్చి నవ్వాడు. "ఒరే, అది కేబుల్ పొడవురా, నేల మీద దూరం కాదు. స్విచ్ గదిలో పైకెక్కింది లెక్కేసావా? రెండు చోట్ల లూపు వదిలారు కదా, అది లెక్కేసావా?" అప్పుడు థంపర్ పెట్టాం. అది కొన్ని సెకన్లకోసారి పెద్ద చార్జిని కేబుల్‌లోకి వదులుతుంది, లోపం దగ్గర అది మెరిసి చిన్న శబ్దం చేస్తుంది. పగలంతా ట్రక్కుల రొదలో ఏమీ వినపడలేదు. రాత్రి పదకొండు దాటి లోడింగు ఆగాక, మైకు నేలకి పెట్టి నడుస్తుంటే, ఒకచోట కాలి కింద "ధబ్" మంది. మళ్లీ మూడు సెకన్లకి "ధబ్". నేల లోపల ఎవరో తలుపు కొడుతున్నట్టు ఉంది. మేము తవ్విన చోటికి ముప్పై మీటర్ల వెనక. తవ్వితే, కొత్త డ్రైనేజీ పైపు వేసినవాళ్ల గడ్డపార దెబ్బ. ఎప్పుడో తగిలింది, మట్టి కప్పేసి వెళ్లిపోయారు. వానలు పడ్డాక నీళ్లు లోపలికి పోయి, తీరిగ్గా చచ్చింది.

ఆ రాత్రి నుంచి నేనొక అలవాటు చేసుకున్నాను. కొత్తగా వచ్చే వాళ్లందరికీ అదే చెబుతాను. కేబుల్ పూడ్చే ముందు ప్రతి జాయింటునీ, ప్రతి వంపునీ, ప్రతి లూపునీ రెండు కదలని గుర్తుల నుంచి కొలిచి రాసుకోండి. గోడ మూల, కల్వర్టు అంచు, ట్రాన్స్‌ఫార్మర్ గద్దె. చెట్టుని గుర్తుగా పెట్టుకోవద్దు, చెట్టు కొట్టేస్తారు. రోడ్డు అంచు కూడా వద్దు, రోడ్డు వెడల్పవుతుంది. ఈ రోజుల్లో ఫోన్ ఉంది, ఫొటో తీయండి, టేపు కనిపించేలా. ఆఫీసు డ్రాయింగు ఏమైనా కానీ, మీ నోటుబుక్కు మీ దగ్గర ఉంటే అయిదేళ్ల తర్వాత కూడా మిమ్మల్నే పిలుస్తారు. ఇది ఉద్యోగ భద్రత కాక మరేమిటి?

ఇక ప్రాణం సంగతి. ఇక్కడ రెండు పనులూ వేరువేరుగా చంపుతాయి.

పైన లైనులో శత్రువు కనిపిస్తాడు, కానీ చేయి చాచితే అందుతాడు. లైను ఆపారన్న అనుమతి, అంటే లైన్ క్లియర్ (ఎల్సీ) తీసుకున్నాం కదా అని ఎక్కేస్తాం. తీసుకున్న ఎల్సీ ఏ ఫీడరుదో, ఎక్కుతున్న స్తంభం మీద ఉన్న ఫీడర్లు ఎన్నో చూడం. రెండు సర్క్యూట్లు ఒకే స్తంభం మీద నడిచే చోట ఇలా పోయిన కుర్రాళ్లు ఉన్నారు. ఇంకొకటి జనరేటరు. ఎల్సీ ఉంది, ఏబీ స్విచ్ తెరిచి ఉంది, అయినా ఏదో దుకాణంలో చేంజోవరు స్విచ్ లేకుండా పెట్టిన జనరేటరు ఆడితే ట్రాన్స్‌ఫార్మర్ వెనక నుంచి 11 కేవీ తయారై మన చేతికొస్తుంది. అందుకే క్రమం తప్పించొద్దు. ఆపించు, కంటికి గ్యాపు కనిపించేలా తెరువు, తాళం వేసి బోర్డు కట్టు, టెస్టరుతో చచ్చిందని చూసుకో, పని చేసే చోటుకి రెండు వైపులా ఎర్తు కట్టు. ఎర్తు రాడ్డు ముందు భూమికి, తర్వాత తీగకి. తీసేటప్పుడు ముందు తీగ నుంచి, తర్వాత భూమి నుంచి. ఇది ఉల్టా చేస్తే ఎర్తు వైరే నీకు లైను అవుతుంది.

స్తంభం ఎక్కేముందు స్తంభాన్ని కూడా చూడు. పీఎస్‌సీసీ స్తంభం మొదట్లో పగులు ఉందా, వాన నీటికి చుట్టూ మట్టి కోసుకుపోయిందా, స్టే వైరు బిగుతుగా ఉందా. స్తంభం పొడవులో ఆరో వంతు భూమిలో ఉండాలని లెక్క, తొమ్మిది మీటర్ల స్తంభానికి మీటరున్నర. కొండ వాలు మీద పాతిన స్తంభాలకి ఆ మీటరున్నర రెండు వానాకాలాల్లో మీటరైపోతుంది. ఒకవైపు తీగ తెగి ఇంకోవైపు లాగుడు మీద ఉన్న స్తంభాన్ని ఎక్కకూడదు. ముందు తాత్కాలిక స్టే కట్టాలి.

కేబుల్‌లో శత్రువు కనిపించడు, పైగా చచ్చాక కూడా కొట్టగలడు. కేబుల్ అంటేనే పొడవాటి కెపాసిటరు. స్విచ్ తీసేసినా లోపల చార్జి మిగులుతుంది. అయిదు కేవీ మెగ్గర్‌తో పరీక్ష చేసి వెంటనే చేయి పెడితే నేల మీద కూర్చోబెడుతుంది. డిశ్చార్జి రాడ్డుతో తాకించి ఒక్క క్షణంలో తీసేయడం కూడా చాలదు, కొంతసేపయ్యాక ఇన్సులేషన్లో దాక్కున్న చార్జి మళ్లీ పైకి వస్తుంది. పరీక్ష ఎంతసేపు చేశావో అంతకన్నా ఎక్కువసేపు ఎర్తు కట్టి ఉంచు, పని అయ్యేదాకా తీయకు.

అన్నిటికన్నా భయంకరమైనది, గోతిలో ఒకదాని పక్కన ఒకటి నాలుగు కేబుళ్లు, అన్నీ నల్లగానో ఎర్రగానో ఒకేలా ఉండి, "అదిగో అదేరా, కొయ్యి" అని పైనుంచి ఎవరో కేక వేయడం. కొయ్యొద్దు. సిగ్నల్ పెట్టి గుర్తుపట్టాలి, ఆ తర్వాత దూరం నుంచి స్పైకర్‌తో కేబుల్‌లోకి మేకు దింపి చూడాలి. అప్పుడే రంపం. ఎవరు తొందరపెట్టినా సరే, ఇక్కడ మొండితనమే మంచితనం. పరికరం లేదంటే "తెప్పించండి సార్, అప్పటిదాకా కూర్చుంటాను" అని చెప్పండి. ఆ మాట అన్నందుకు ఎవడికీ ఉద్యోగం పోలేదు అని నేను చెప్పలేను. కానీ పోయిన ఉద్యోగం మళ్లీ దొరుకుతుంది.

జాయింటు సంగతి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే కేబుల్ పనిలో పనితనం అంతా అక్కడే ఉంది. కేబుల్ తనంతట తాను చావడం తక్కువ. తవ్వినవాడైనా చంపుతాడు, జాయింటు చేసినవాడైనా చంపుతాడు. 11 కేవీ ఎక్స్‌ఎల్‌పీఈ కేబుల్ తొక్కలు ఒక్కొక్కటే తీస్తే, బయట పీవీసీ, లోపల ఇనుప ఆర్మరు, మళ్లీ లోపలి తొక్క, రాగి రేకు, దాని కింద నల్లటి సెమీకండక్టరు పొర, దాని కింద పాలతెలుపు ఇన్సులేషన్, మధ్యలో అల్యూమినియం. ఆ నల్లపొరని తీసే దగ్గరే మొనగాళ్లు ఓడిపోతారు.

నేనూ ఓడిపోయాను. పాతికేళ్ల క్రితం ఒక కాంట్రాక్టు పనిలో, సాయంత్రం వెలుతురు పోతోంది, నల్లపొర గీయడానికి మామూలు చాకు వాడాను. తెల్ల ఇన్సులేషన్ మీద గోరంత గీత పడింది. చేయి పెట్టి చూస్తే తగలలేదు, "ఏం కాదులే" అనుకుని కిట్టులోని ట్యూబు తొడిగేశాను. మెగ్గర్ రీడింగు బంగారంలా వచ్చింది. పది నెలల తర్వాత తొలకరికి అదే జాయింటు పేలింది. కోసి చూస్తే గీత పడిన చోటు నుంచి నల్లటి చెట్టు కొమ్మల్లాంటి గుర్తులు కండక్టరు వైపు పాకి ఉన్నాయి. వోల్టేజీ ఒత్తిడి ఒక గీతని పట్టుకుని ఎంత ఓపిగ్గా నడుస్తుందో ఆ రోజు చూశాను. అప్పటి నుంచి దానికి తగిన కట్టరు లేకుండా నల్లపొర ముట్టను. కిట్టుతో వచ్చిన గరుకు కాగితంతో రుద్ది, తెల్ల ఇన్సులేషన్ నుంచి నల్లపొర వైపు ఒకే దిశలో తుడవాలి. వెనక్కి తుడిస్తే నల్ల ధూళిని తెలుపు మీదికి మనమే పూసినట్టు. వాన చినుకు పడుతుంటే టెంటు వేసుకోవాలి, లేదా పని ఆపాలి. ట్యూబుని మధ్య నుంచి చివర్లకి, మెత్తటి పసుపు మంటతో, చుట్టూ తిప్పుతూ ముడుచుకునేలా చేయాలి. ఒక చోటే మంట పెట్టి నిలబడితే లోపల గాలి బుడగ మిగులుతుంది, ఆ బుడగే రేపటి లోపం.

ఇంత శుభ్రం మన స్తంభం మనుషులకి మొదట్లో చిరాకు తెప్పిస్తుంది. స్తంభం మీద బలం, బ్యాలెన్సు, ధైర్యం. గోతిలో ఓపిక, వెలుతురు, కడుక్కున్న చేతులు. కంసాలి పనికీ కమ్మరి పనికీ ఉన్న తేడా. రెండూ ఒకే మనిషికి రావా అంటే, వస్తాయి, కానీ రోజూ మారుతూ చేస్తే రెండూ చెడతాయి.

మధ్యలో ఒక మూడో దారి ఉంది, చాలామంది దాన్ని చిన్నచూపు చూస్తారు. ఏబీ కేబుల్. స్తంభాల మీదే, కానీ తొడుగుతో, మెలివేసి నడిచే తీగలు. ఊళ్లలో ఇళ్లకి వెళ్లే లైన్లు ఇప్పుడు చాలావరకు ఇవే. అడవి దారుల్లో 11 కేవీకి కూడా తొడుగు తీగలు వస్తున్నాయి. దానికి కారణం ఒడిశాకి బాగా తెలుసు. 2018 అక్టోబరులో ఢెంకనాల్ జిల్లా కమలంగ దగ్గర కిందికి వేలాడిన 11 కేవీ తీగ తగిలి ఏడు ఏనుగులు ఒకే చోట చచ్చిపోయాయి. వేలాడే తీగ ఏనుగుకే కాదు, గడ్డిమోపు నెత్తిన పెట్టుకున్న మనిషికీ యమపాశమే. రోడ్డు దాటే 11 కేవీ తీగ కనీసం 6.1 మీటర్ల ఎత్తులో ఉండాలి, రోడ్డు వెంట నడిచేది 5.8. మీరు నడిచే దారిలో అంతకన్నా కిందికి వేలాడితే ఫిర్యాదు రాసి, నకలు దాచుకోండి. ఏబీ కేబుల్‌లో చేసే తప్పు ఒకటే: తొడుగు చాకుతో గీరి, తీగ చుట్టి, టేపు వేయడం. అది మొదటి వానకే నీళ్లు తాగుతుంది. తొడుగుని పళ్లతో గుచ్చుకుని పట్టే పియర్సింగు కనెక్టరు ఉంటుంది, నట్టు దాని తల విరిగేదాకా బిగించాలి. ఈ పని నెల రోజుల్లో వస్తుంది. కొత్తవాళ్లు ఇక్కడ మొదలుపెడితే మంచిదని నా అభిప్రాయం.

సూపర్‌వైజర్లుగా, జేఈలుగా ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, మీకు ఒక ముక్క. కాలనీకో ఆసుపత్రికో "అండర్‌గ్రౌండ్ వేసేద్దాం, బాగుంటుంది" అని పైనుంచి మాట వస్తుంది. అందానికి ఓటు వేసే ముందు ఎస్టిమేట్లో చూడాల్సింది కేబుల్ మీటరు ధర కాదు. రెండో దారి ఉందా అన్నది. ఒకే కేబుల్ ఒకవైపు నుంచి వెళ్లి ఆగిపోతే, అది చెడినప్పుడు ఆసుపత్రి రెండు రోజులు జనరేటరు మీద బతకాలి. రింగుగా వేసి, మధ్యలో రింగ్ మెయిన్ యూనిట్లు (ఆర్‌ఎంయూలు) పెడితేనే చెడిన ముక్కని కోసేసి మిగతాది నడపగలం. రింగుకి డబ్బు లేదంటే మంచి స్తంభాల మీద తొడుగు తీగ మేలు. ఈ మాట అంటే నన్ను పాతకాలం మనిషి అంటారు, అననీ.

ఇంకొకటి నీళ్లు. లోతు లెక్కలు అందరికీ తెలుసు, 11 కేవీకి 0.9 మీటరు, 33 కేవీకి 1.05, ఇంటి లైన్లకి 0.75. కింద ఇసుక పరుపు, పైన ఇటుకలు, హెచ్చరిక టేపు. కానీ వాగు దాటే చోట ఆ లెక్క సరిపోదు. 2017 జూలైలో ఒక్క రాత్రి వానకి థెరుబాలి, సింగపూర్ రోడ్ స్టేషన్ల మధ్య రైలు వంతెనే కొట్టుకుపోయింది. వంతెన పోయిన చోట మూడడుగుల మట్టి కింద కేబుల్ మిగులుతుందా? నాగావళి ఉపనదుల్ని ఎండాకాలంలో చూసి ఎస్టిమేట్ రాయకండి. వాగు దగ్గర కేబుల్‌ని వంతెనకి కట్టడం, లేదా ఆ ఒక్క స్పాను గాల్లో దాటించడం సిగ్గుపడాల్సిన పని కాదు. వంపుల దగ్గర కేబుల్‌ని పుల్లలా విరవకండి. వంపు వ్యాసార్థం కేబుల్ మందానికి కనీసం పన్నెండు, పదిహేను రెట్లు ఉండాలి, కచ్చితమైన అంకె కంపెనీ షీటులో ఉంటుంది. ప్రతి జాయింటు దగ్గరా కొన్ని మీటర్ల లూపు వదలండి. పదేళ్ల తర్వాత జాయింటు కోసి మళ్లీ కట్టేవాడు మిమ్మల్ని దీవిస్తాడు.

కాగితాల సంగతి తొందరగా చెప్పేస్తాను. రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో 2021 జనవరి 1 నుంచి కరెంటు పంపిణీ టీపీ సదరన్ ఒడిశా డిస్ట్రిబ్యూషన్ చేతిలో ఉంది. లైను పనుల్లో చాలా భాగం కాంట్రాక్టు మనుషులతో నడుస్తుంది. కాబట్టి మన చేతిలో మన కాగితం ఉండాలి. ఒడిశాలో పని చేయాలంటే ఒడిశా ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డు ఇచ్చే వర్క్‌మన్ పర్మిట్, అనుభవం వచ్చాక సూపర్‌వైజర్ సర్టిఫికెట్. విశాఖ, విజయనగరం వైపు వెళ్లేవాళ్లకి ఆంధ్ర బోర్డు వేరు. మనలో చాలామందికి సర్టిఫికెట్లో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో వెనక ఉంటుంది. ఆ తిప్పలు ఇప్పుడే సరిచేసుకోండి. తెలుగు మాట్లాడితే జేకేపూర్‌లో రోజు గడుస్తుంది, కానీ ఒడియా చదవడం రాకపోతే ఎల్సీ పుస్తకంలో ఏం రాశారో తెలియకుండా సంతకం పెడతారు. మన ప్రాణం తాకట్టు పెట్టే కాగితం అది, చదవడం నేర్చుకోండి.

కేబుల్ వైపు వెళ్లాలనుకునేవాళ్లు పవర్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ వాళ్ల కేబుల్ జాయింటర్ కోర్సు గురించి వాకబు చేయండి. జాయింటు కిట్లు తయారుచేసే కంపెనీలు కూడా నేర్పుతుంటాయి. చాలాచోట్ల వాళ్ల సర్టిఫికెట్ ఉన్నవాడినే పెద్ద పనులకి రానిస్తారు. కాంట్రాక్టరు దగ్గర చేరేముందు అడగాల్సినవి అడగండి. పీఎఫ్ నంబరు ఇస్తారా, ఈఎస్ఐ కార్డు ఉందా, సేఫ్టీ బెల్టూ, గ్లవ్సూ, డిశ్చార్జి రాడ్డూ గ్యాంగుకి ఎన్ని ఉన్నాయి. చివరి ప్రశ్నకి "అవన్నీ చూసుకుందాంలే" అని జవాబొస్తే రోజుకి వంద ఎక్కువిచ్చినా వద్దు. గ్లవ్స్ చూపిస్తే మణికట్టు దగ్గర చుట్టి గాలి బిగించి చూడండి, సూది బెజ్జం ఉంటే బుస్సుమంటుంది.

మేనల్లుడికి చివరికి ఒక క్యాలెండరు రాసిచ్చాను. జూన్ నుంచి దసరా దాకా స్తంభం. వానాకాలంలోనే బ్రేక్‌డౌన్లు, అప్పుడే గ్యాంగులకి మనుషులు కావాలి, అప్పుడే కాళ్లకి స్తంభం అలవాటవుతుంది. కార్తీకం తర్వాత నేల ఆరుతుంది, తవ్వకాలు మొదలవుతాయి, జాయింటర్లకి సహాయకులు కావాలి. అప్పటి నుంచి మే దాకా గొయ్యి. రెండేళ్లు ఇలా తిరిగితే మూడో ఏడు వాడికి ఏది పడుతుందో వాడి చేతులే చెబుతాయి.

వాడు కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "అయితే మావయ్యా, ముందు ఏటి కొనాలి?" అన్నాడు. ప్లయర్లు కొనిపిస్తాననుకున్నాడు. బజారుకి తీసుకెళ్లి ముప్పై మీటర్ల టేపూ, వానకి తడవని అట్ట ఉన్న నోటుబుక్కూ కొనిచ్చాను. తిరిగొచ్చేటప్పుడు కాలనీ ట్రాన్స్‌ఫార్మర్ గద్దె దగ్గర బండి ఆపమన్నాడు. గద్దె మూల నుంచి కల్వర్టు అంచు దాకా కొలిచి, మొదటి పేజీలో రాసుకున్నాడు.